కృష్ణానదిపై వేటపడవ - దాని పోషణ చరిత్రము

కృష్ణాతీరవాసులకు పడవను గూర్చి క్రొత్తగ చెప్పవలసిన దేమున్నదని కొందరు తలంపవచ్చును. మన తాతముత్తాతలు పడవపై ఏరు దాటిరి. పడవపై ధాన్యమును, ఉప్పును, సున్నమును తరలించిరి. పడవపైననే పెండ్లివారు తరలివెళ్ళిరి. అయినను ఒక్క సంగతి విచారింపదగియున్నది. దేవాలయములను గూర్చియు, జమీందారీలను గూర్చియు, ఆనకట్టలను గూర్చియు మన గ్రంథాలయముల బీరువాలలో పుస్తకములు కలవు. ఆ ఆనకట్టలకు ఎగువను దిగువను దినదినమును వల విసరి కుటుంబములను పోషించుకొనిన వారి పడవ యెట్లు పుట్టెను, ఎట్లు మారెను, దానిని ఏటేట ఎట్లు కాపాడుకొనుచు వచ్చిరి అను విషయమును వ్రాసియుంచినవారు మిక్కిలి తక్కువ. ఈ రజతోత్సవ సంచికలో ఆ లోపమును కొంతవరకైన తీర్చుట యుచితమని తోచి ఈ వ్యాసము వ్రాయబడుచున్నది.

ఇందు ముఖ్యముగ నిరూపింపదలచిన సంగతి యొకటి కలదు. పూర్వము కృష్ణమ్మ తానే వేటపడవకు ఏటేట విశ్రాంతి నిచ్చుచుండెడిది. ఆ విశ్రాంతికాలమే మరమ్మతుకాలముగ నుండెను. విజయవాడకడ బారేజి కట్టిన పిమ్మట, దాని ఎగువభాగమున ఏరు సంవత్సరము పొడుగున నిండియుండుటచే వేటకు ఎడతెగుట లేకపోయినది. ఏరు ఇయ్యని విశ్రాంతిని పడవవాడు తానుగ ఏర్పరచుకొనవలసి వచ్చినది. అట్లు ఏర్పరచుకొనినవాని పడవ నిలిచినది. మరచినవాని పడవ చెడినది. పడవ చెడుట ఒక్క యజమానికే నష్టము కాదని ఇటీవలి చరిత్రము మనకు చూపినది. ఆ సంగతి ముందు వివరింపబడును.

ప్రాచీన కాలము

కృష్ణాముఖద్వారమున నౌకాయానము నేటిది గాదు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున గ్రీకు నావికు డొకడు వ్రాసిన ‘పెరిప్లస్’ అను గ్రంథమున మసాలియా దేశము పేర్కొనబడినది. అది నేటి మచిలీపట్టణ ప్రాంతమని పండితుల అభిప్రాయము. రెండవ శతాబ్దమున టాలెమీ మైసోలస్ అను నదిని పేర్కొనెను. అది కృష్ణయే యని పలువురు నిర్ణయించిరి. అతడు చెప్పిన కంటకసిల మన ఘంటసాలయే. శాతవాహన చక్రవర్తియైన యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యలు గల ఓడ బొమ్మతో నాణెములు ముద్రించెను. రాజులు నాణెములపై ఓడను ముద్రించునంతటి గౌరవము ఈ తీరమున పడవకు కలదన్నమాట.

అయితే పెద్దయోడ కథ వేరు, చిన్నపడవ కథ వేరు. చేపలవాని పడవను ఏ రాజును నాణెముపై వేయలేదు. దానికిని ప్రాచీనత కలదు. పైని చెప్పిన పెరిప్లస్ గ్రంథముననే తూర్పుతీరపు రేవుల ప్రసంగమున, ఒంటిమానులను జతపరచి కట్టిన ‘సంగర’ అను పెద్దనావల ముచ్చట వచ్చినది. ఆ మాటకును మన ‘సంగడి’ అను మాటకును చుట్టరికము కలదని పండితులు ఊహించిరి. రెండు దోనెలను ప్రక్కప్రక్కన చేర్చి, అడ్డకఱ్ఱలు వేసి, త్రాళ్లతో బిగించినది సంగడి. ఒంటిదోనె తూలును, సంగడి తూలదు. ఒకరి నొకరు అంటిపెట్టుకొనియుండు స్నేహితుని సంగడికాడని మన భాషలో వాడుట పాఠకులు ఎరుగుదురు.

డెల్టాలో దోనెకు ప్రధానమైన మ్రాను తాడిచెట్టు. ముదురుతాటి మొదలును కోసి, నిలువున చీల్చి, లోపలి మెత్తని బెండును తొలచివేసినచో, బయటి చేవమాత్రము నిలిచి దోనె యగును. తాటిమొదలు ఉబ్బియుండును గావున ఆ వైపు సహజముగనే కొంత మూతబడియుండును. రెండవ కొనను చెక్కతోడను బంకమట్టితోడను మూయుదురు. కొల్లేటిలో ఇట్టి తాటిదోనెలే చిరకాలము జనులకు కాళ్ళయి నడిపించినవి. మదరాసు మత్స్యశాఖకు అధ్యక్షుడుగ నుండిన జేమ్సు హార్నెల్ 1920లో భారతదేశపు పడవల ఆకృతులను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించి, ఇట్టి చిన్నపడవలకును పండితలోకమున స్థానము కల్పించెను. కృష్ణ ఎగువన రాతిపట్టులలో దోనెకు బదులు వెదురుబుట్టను తోలుతో కప్పిన పుట్టి వాడుకయందుండెను. రాయి తగిలినను పుట్టి పగులదు. బోర్లించి నెత్తిన పెట్టుకొని మోయవచ్చును. ఏటి స్వభావమును బట్టి పడవ స్వభావ మేర్పడుననుటకు ఇంతకంటె నిదర్శన మేల?

ఆనకట్ట తెచ్చిన మార్పు

1852లో పని ప్రారంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్ట డెల్టా చరిత్రమున ఒక యుగమునకు ఆరంభము. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహమున కెప్టెన్ ఓర్ దీనిని ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ కట్టించెను. కాలువలు త్రవ్వబడినవి, పొలములకు నీరు వచ్చినది. అంతమాత్రమే గాక ఆ కాలువలు పడవలకు రహదారులైనవి. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపెను. కొమ్మమూరు కాలువ పెదగంజాము కడ బకింగుహాము కాలువను చేరెను. అందుచే కాకినాడలో సరకు నెత్తిన పడవ సముద్రముఖము చూడకయే బెజవాడ మీదుగ మదరాసు చేరగలిగెడిది. లాకులకడ పడవలు వరుస తీరి నిలుచుట, సరంగులు ఒకరి నొకరు పలుకరించుకొనుట, గాలి లేనప్పుడు గట్టు వెంబడి త్రాడు పట్టి లాగుట మన పెద్దలలో కొందరికి నేటికిని జ్ఞాపకమే.

చేపలవానికి ఈ ఆనకట్ట వలన లాభమును నష్టమును రెండును కలిగెను. ఎగువ నీరు కొంత నిలిచెను. కాలువలలోనికి చేప వచ్చెను. కాని సముద్రమునుండి ఏరెక్కి వచ్చి గ్రుడ్లు పెట్టు పులసవంటి చేపకు ఆనకట్ట అడ్డుగోడ యయ్యెను. భారతదేశపు మంచినీటి చేపలను గూర్చి 1873లో నివేదిక సమర్పించిన డాక్టరు ఫ్రాన్సిస్ డే, ఆనకట్టలు చేపల రాకపోకలను అరికట్టుచున్నవని ఆనాడే హెచ్చరించెను. 1897లో భారత మత్స్యచట్టము వెలసి, మందుగుండు ప్రేల్చియు, విషము కలిపియు చేపలను చంపుట నేరమని శాసించెను. 1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సన్ మదరాసు రాజధానిలో మత్స్యపరిశోధన కార్యము నారంభించెను. ప్రభుత్వము చేపను గూర్చి యోచింపసాగిన కాలమది. పడవ పోషణమాత్రము పల్లెకారుల చేతులలోను, వడ్రంగుల బాడిసెలలోను ఉండిపోయెను.

పాతకాలపు పోషణ

ఆ కాలమున సంవత్సరము రెండుగ విభజింపబడియుండెడిది. ఏరువాక మొదలు మాఘమాసము దనుక ఏటిలో నీరు; అటుపిమ్మట ఇసుక. వేసవిలో ప్రవాహము సన్నగిల్లి, మేటల నడుమ మడుగులుగ విడిపోయెడిది. కాలువలనుగూడ వేసవిలో కట్టివేసి పూడిక తీయుట ఆచారము. అప్పుడు ఏటిపడవయు, కాలువపడవయు ఒక్కమారే ఒడ్డు చేరెడివి. వడ్రంగికి అది సుగ్గి. చేపలవానికి అది సంపాదన లేని కాలమైనను, పడవకుమాత్రము ఆయువు పోసికొను కాలము.

పడవను ఒడ్డున కెక్కించుటకు తాటిదుంగలను అడ్డముగ పరచి, వానిపై దొర్లించుచు పదిమంది పట్టుదురు. ఎక్కించిన పడవను ఎండలో విడువరాదు. రోహిణికార్తె ఎండకు రోళ్లు పగులునని సామెత. రోళ్లే పగులునప్పుడు ఆరుమాసములు నీటిలో నానిన పలక పగులుట వింతగాదు. కావున చెట్టునీడనో, తాటాకు పందిరిక్రిందనో ఉంచి, తడిగోనెలు కప్పి మెల్లగ ఆరనిచ్చెడివారు. తాటిదోనెకు ఆరుటయే హాని యగుటచే, దానిని వాడని దినములలో చెరువునీటనే ముంచి యుంచుట కూడ కలదు.

ఆరిన పడవను బోర్లించి, అడుగున పట్టిన పాచిని గీకివైచి, చిన్నకొయ్యతో పలక పలకను తట్టి చూచెడివారు. గట్టిపలక ఖణిల్లున మ్రోగును. కుళ్లినపలక బొద్దుగ పలుకును. ఇనుపమేకు త్రుప్పు పట్టినచోట చుట్టునున్న కొయ్య నల్లబడి మెత్తబడును. ఆ మేకు నూడదీసి, ఆ చోటు తొలచి, క్రొత్తచెక్క పొదిగి, మరియొక చోట మేకు కొట్టవలెను. పాతరంధ్రమున క్రొత్తమేకు కొట్టుట కన్న మేకు లేకుండుట మేలని పనివారి మాట. పలకల సందులలో పాతనారను తీసివైచి, క్రొత్తగ జనుపనారనో, దూదినో ఉలితో దట్టించి, గుగ్గిలమును నూనెలో కరగించి పైని పూసెడివారు. లోపలి వంకులకు నూనె, అడుగుకు తారు. తుమికికాయల రసమును అడుగునకును వలలకును పట్టించుటయు కలదు. ఆ వగరు కొయ్యను దారమును చీకనీయదు.

మరమ్మతైన పడవను నీట దింపగనే వేటకు పోవుట తెలివితక్కువ. ఆరిన పలక నీరు త్రాగి ఉబ్బిననేగాని సందులు బిగియవు. అందుచే ఒక దినమో, రెండు దినములో ఒడ్డుననే నీటిలో ఊరనిచ్చి, చేరిన నీటిని తోడివైచి, ఊట ఆగినదని తెలిసికొనిన పిమ్మటనే వల నెక్కించెడివారు.

వలల పోషణము ఇంతకన్న శ్రమతో కూడినది. ఆనాటి వలలు నూలువియు జనుమువియు. రాత్రి తడిసిన వలను ఉదయమే ఆరవేయకున్న రెండుమూడు దినములలో చీకును. తుమ్మచెక్క కషాయమున ఉడికించుట, చిరిగిన కన్నులను కదురుతో అల్లుట, జీలుగబెండ్లను పైతాటికి, మట్టిగుండ్లనో సీసపుగుండ్లనో క్రిందితాటికి కట్టుట ఇంటిల్లిపాదికి పని. స్త్రీలును, ముసలివారును, పిల్లలును ఇందు పాల్గొనెడివారు. పడవ ఒకనిదైనను దాని పోషణ కుటుంబమంతటిది.

సముద్రము చేరువనున్న నాగాయలంక, ఏటిమొగ, గుల్లలమోద, హంసలదీవి ప్రాంతములలో ఇంకొక బెడద కలదు. ఉప్పునీట పుట్టు తొలుచుపురుగు పలకలోనికి చొచ్చి, పైకి కానరాకుండ లోపల జల్లెడవలె చేయును. అది మంచినీట బ్రదుకజాలదు. కావున పడవను అప్పుడప్పుడు ఎగువకు, మంచినీటికి తెచ్చి కొన్ని దినములు కట్టియుంచుటయో, ఒడ్డున కెక్కించి ఆరబెట్టుటయో దానికి విరుగుడు. ఏటి రెండు కొనలందును పడవ యొక్కటియే యైనను, దాని శత్రువులు వేరు, పోషణయు వేరు.

బారేజి తరువాత

1952లో పాత ఆనకట్టకు గండిపడినది. సుమారు నూరేండ్లు డెల్టాను పోషించిన కట్టడము ముసలిదైనదని అప్పుడు స్పష్టమైనది. 1954లో క్రొత్త బారేజి పని ప్రారంభమై 1957లో పూర్తియైనది. దానికి ఆంధ్రకేసరి టంగుటూరి ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. 70 తలుపులు, ఒక్కొక్కటి 40 అడుగుల వెడల్పు, పైని రహదారి. పూర్తిమట్టము 57.05 అడుగులు; నిలువ 3.07 టి.యం.సి. సుమారు 13 లక్షల యెకరముల మాగాణికి ఇదియే ఆధారము.

ఎగువను నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు విడువబడెను. తరువాత శ్రీశైలము, 2013లో పులిచింతల వచ్చినవి. 2015 మొదలు పట్టిసీమనుండి గోదావరి నీరు పోలవరము కుడికాలువ వెంబడి వచ్చి ఇబ్రహీంపట్నము కడ కృష్ణలో కలియుచున్నది. ఇన్నింటి ఫలితముగ బారేజికి ఎగువ, పవిత్రసంగమము దనుకను, అంతకు పైనను వేసవిలోను నీరు నిలుచుచున్నది. దిగువనో, తలుపులు మూసినప్పుడు మైళ్ల కొలది ఇసుక. ఒక్క బారేజికి ఈవల ఏడాది పొడుగున వేట. ఆవల వరద వచ్చిననే వేట. ఒకే యేటిపై రెండు జీవితము లేర్పడినవి.

ఈ మార్పుతోపాటు సామగ్రియు మారినది. 1957లో కొచ్చిలో కేంద్ర మత్స్యసాంకేతిక పరిశోధనసంస్థ స్థాపింపబడి, కొయ్యను కాపాడు మందులను గూర్చియు, క్రొత్తదారపు వలలను గూర్చియు పరిశోధనలు చేసి దేశమున ప్రచారము చేసినది. నూలువల పోయి నైలానువల వచ్చినది. అది చీకదు, ఆరవేయు శ్రమ తగ్గినది. కాని ఎండకు పెళుసెక్కును. తెగి యేటిలో పడినచో చీకకపోవుటయే దాని దోషమగును. అడుగున పడియుండి ఎవరికిని కాకుండ చేపలను చంపుచునే యుండును. కావున తెగినవలను ఒడ్డునకు తెచ్చుట నేటి పడవవాని ధర్మములలో ఒకటి.

కొయ్యపడవకు మారుగ గాజునారయు బంకయు కలిపి పోతపోసిన ఫైబరుపడవ వచ్చినది. దానికి చెదలు లేదు, కుళ్లు లేదు, తేలిక. అందుచే దానికి పోషణ యక్కరలేదను భ్రమ వ్యాపించినది. ఇది పొరపాటు. ఎండకు దాని పైపూత బీటలువారును. బీటలో నీరు చేరి గాజునారను విడదీయును. ఇసుకపై ఈడ్చినచో అడుగు అరుగును. బీటను చూడగనే పడవను పూర్తిగ ఆరబెట్టి, దెబ్బతిన్న భాగమును గరుకుకాగితముతో రుద్ది, క్రొత్త గాజుగుడ్డను బంకతో అతికింపవలెను. తడిపై అతికిన అతుకు నిలువదు. కొయ్యపడవ తన జబ్బును ఊటరూపమున ముందే చెప్పును, ఫైబరుపడవ చెప్పదు. చెప్పని రోగికి వైద్యుడు ఎక్కువమారులు చేయి చూడవలెను.

తెడ్డునకు తోడు యంత్రము వచ్చినది. నిలువనీటిలో గుర్రపుడెక్క దట్టముగ పెరిగి యంత్రపు రెక్కలకు చుట్టుకొనును. ఆగి, యంత్రమును ఆపి, పైకెత్తి, కత్తితో కోసి తీయవలెను; ఆపక లాగినచో రెక్కయో, ఇరుసో విరుగును. నూనె జల్లెడను తరచు కడుగుట, విడిమేకులను, స్పార్కుప్లగ్గును, ఒక చిన్నపట్టుకారును నూనెగుడ్డలో చుట్టి పడవలో ఉంచుట, ఉప్పునీట తిరిగిన యంత్రమును మంచినీటితో కడుగుట నేర్చుకొనవలసినవి. యంత్రమున్నదని తెడ్డును గడను ఇంటివద్ద విడుచువాడు నడియేట చిక్కుకొనును.

ఏడాది పొడుగున పడవలో ఉండవలసినవి

పెద్దలనుండి వచ్చిన పద్ధతులను, నేటి అవసరములను కలిపి చూచినచో ఋతువుల వారీగ ఈ క్రింది క్రమ మేర్పడును.

వరదకాలమున, అనగా ఆషాఢమునుండి ఆశ్వయుజము దనుక, పడవకు ప్రధానము మోకు. నీరు పెరిగినకొలది పడవయు లేచును. పొట్టిమోకుతో బిగించికట్టిన పడవ లేవలేక నీరు త్రాగి మునుగును, లేదా గుంజను పెరికికొని పోవును. కావున ముందొకటి, వెనుకొకటి, రెండు పొడుగుమోకులు, రెండు వేర్వేరు చోట్ల కట్టవలెను. ఒకటి తెగినను ఒకటి పట్టును. రాతికి ఒరసికొనుచోట గోనె చుట్టవలెను. లంగరు రెండు ఉండవలెను. బారేజికడ ప్రవాహము 3.97 లక్షల క్యూసెక్కులు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక చేయుదురు. ఆ హెచ్చరిక వినిన పిమ్మట వేట మాట తలపెట్టక, పడవను ఒడ్డుపైకి ఎక్కించుటయే బుద్ధి. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మొదలగు చేపలు క్రొత్తనీటిలో గ్రుడ్లు పెట్టు కాలముకూడ ఇదియే. ఈ దినములలో వల ఆపినచో పడవయు బ్రదుకును, వచ్చే యేటి చేపయు బ్రదుకును.

శరత్తునను హేమంతమునను ఏరు తేరును. ఇది వేటకు ఉత్తమ కాలము. వాలుగ, జెల్ల, బొచ్చెలు వలకును గాలమునకును చిక్కును, నీలకంఠరొయ్య దొరకును. రాత్రివేట కావున దీపము ముఖ్యము. పూర్వము లాంతరు, నేడు విద్యుద్దీపము. తెల్లవారుజామున మంచు కమ్మినప్పుడు ఎదుటిపడవకు కానవచ్చునట్లు దీప ముంచుట ఆచారముగ పాటింపవలెను. నీరు తోడు డొప్ప, త్రాగునీరు, పొడిబట్ట, కత్తి, గాయములకు మందు ఎల్లప్పుడు ఉండవలెను.

వేసవిలో ఎగువ నీరున్నను, పడవను నెలదినములైన ఒడ్డున కెక్కింపవలెను. ఇచ్చట సముద్రపువారిని చూచి నేర్చుకొనవచ్చును. తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 దనుక 61 దినములు యంత్రపుపడవలు సముద్రవేటకు పోరాదని నియమము కలదు. చేపల సంతానము కొరకు ఏర్పరచిన ఆ నియమము వలన పడవలకు మరమ్మతు కాలముకూడ లభించుచున్నది. మచిలీపట్టణము, నిజాంపట్నము రేవులలో ఆ దినములందు వలలు అల్లుట, రంగులు వేయుట, యంత్రములు విప్పుట కనుపట్టును. నదికి అట్టి వేసవిసెలవు లేకున్నను, పడవవాడు మృగశిరకార్తె లోపల నెలదినములు తనకు తానే విధించుకొనినచో పాతకాలపు విశ్రాంతి తిరిగి వచ్చినట్లే.

నష్టము ఒకనిది గాదు

పడవ పోషణ యజమాని సొంతవిషయమని తలచుట సరికాదు. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నము ఫెర్రీకడ విహారపుపడవ బోల్తాపడి 20 మందికి పైగ ప్రాణములు కోల్పోయిరి. అనుమతి లేని పడవ. ఎక్కినవారికి ప్రాణరక్షణకు చొక్కాలు లేవు. అది వేటపడవ గాకున్నను, బోధించిన పాఠము అన్ని పడవలకును ఒక్కటియే. తాబేలువలె ఈదగలిగినవాడైనను వరదలో, వల కాలికి చుట్టుకొనినప్పుడు, ఈదలేడు. లైఫ్ జాకెట్టు తొడుగుకొనుట పిరికితనము గాదు.

2024 సెప్టెంబరు 1, 2 తేదీలలో బారేజికడ ప్రవాహము 11.43 లక్షల క్యూసెక్కులకు పెరిగినది. 2009 అక్టోబరు నాటి మహావరదకంటెను అది మిన్న. ఆ వరదలో ఇసుక తరలించు పెద్ద ఇనుపపడవలు కట్టుత్రెంచుకొని కొట్టుకొనివచ్చి బారేజి తలుపులకు తగిలినవి. తలుపులకు ఎదురుబరువుగ నుండు దిమ్మెలు కొన్ని దెబ్బతినెను. ఇంజనీర్లు అహోరాత్రములు శ్రమించి దిమ్మెలను మార్చిరి. ఆ పడవలను తొలగించుటకు అనేకదినములు పట్టెను. దిమ్మెకు మారుగ తలుపే పోయియున్నచో, నిలువనీరు పోయి, డెల్టా పైరు సంగతి ఏమైయుండునో రైతులు ఊహించుకొనవచ్చును. 13 లక్షల యెకరముల అన్నము కొన్ని మోకుల బిగువుపై ఆధారపడిన గడియ యది. మోకును చూచుకొనుట చిన్నపని యని ఇక నెవ్వరును అనరాదు.

పెద్దల కాలమున రేవునకు ఒక కట్టుబాటు ఉండెను. వరద సూచన కనబడగనే ఎవరి పడవ యని చూడక, అందరును కలిసి అన్ని పడవలను ఒడ్డున కెక్కించెడివారు. ఊరిలో లేనివాని పడవనుకూడ విడువలేదు. విడిచిన పడవ తమ పడవలపైననే వచ్చిపడునని వారెరుగుదురు. నేడు ఈ పని మత్స్యకార సహకారసంఘములు చేపట్టదగినది. రేవులోని పడవల పట్టిక, ప్రతి పడవ మోకు పరీక్ష, వేసవిలో ఉమ్మడి మరమ్మతు, వరదకు ముందు ఉమ్మడిగ ఒడ్డెక్కించుట అను ఈ నాలుగు పనులకు పెద్దధన మక్కరలేదు. కట్టుబాటు చాలును.

గ్రంథాలయమునకును పడవకును గల చుట్టరికము

గ్రంథాలయసంచికలో పడవ ముచ్చట యేల యని యెవరైన నడిగినచో సమాధానము మన డెల్టా చరిత్రముననే కలదు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయసంఘము వెలసినది. దానికి ప్రాణమైనవారు అయ్యంకి వెంకటరమణయ్యగారు. ఆ యుద్యమమున పెరిగిన పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణ పడమటి కాలువపై, పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ తిరుగు పడవలలో పుస్తకముల నుంచి పడవగ్రంథాలయమును నడపిరి. ప్రయాణికులు పోవుచు చదివిరి. రేవులలోని గ్రామస్థులు పుస్తకములు తీసికొనిరి. ఊరికి దారి లేనిచోటికి కాలువ కలదు. కాలువ గలచోటికి పడవ కలదు. పడవ గలచోటికి పుస్తకము చేరినది. నాడు పడవ పుస్తకమును మోసెను.

ఇప్పుడు పుస్తకము పడవను మోయవలసిన వంతు. పలకను తట్టి దాని జబ్బు చెప్పగల వడ్రంగులు నేడు తక్కువ. గుగ్గిలము పాకము ఎప్పుడు దింపవలెనో, తాటిమ్రానులో ఏది దోనెకు పనికివచ్చునో, ఏ గాలికి వరద వచ్చునో ఎరిగిన వృద్ధులు ఏటేట తగ్గిపోవుచున్నారు. వారి విద్య చేతులలోనిది, చేతులతోనే పోవును. మన గ్రంథాలయమున చదువు నేర్చిన యువకులు ఈ ఇరువదియైదవ యేట ఒక పని పూనవలెనని మనవి. నోటుపుస్తకము తీసికొని రేవులకు పోవలెను. పెద్దల నడిగి పడవ అంగముల పేర్లు, మరమ్మతు పద్ధతులు, వలల రకములు, చేపల కాలములు వారి మాటలలోనే వ్రాసికొనవలెను. ఆ వ్రాతప్రతులను గ్రంథాలయమున భద్రపరుపవలెను.

బారేజి యేటిని నిండుగ నిలిపినది; యంత్రము పడవకు వేగ మిచ్చినది; ఫైబరు దానికి ఆయువు పెంచినది. ఇవి యన్నియు మేలులే. నిండిన యేటిపై ఎడతెగక నడచు పడవకు, దానిని నడుపు మనుష్యునకు, ఏటిలోని చేపకు ఏటేట కొంత విశ్రాంతి కావలెనను పాతనియమముమాత్రము మారలేదు. దానిని గుర్తుంచుకొని, రాబోవు మృగశిర నాటికి ప్రతి రేవునను మోకులు సరిచూచుకొందురు గాక.